మా తమ్ముడి లెక్కలో మురుగు మూడు గంటల్లో సముద్రంలో కలుస్తోంది, మా రేవులోకి మాత్రం తిరిగొస్తోంది

జగన్నాథపురం_జగ్గు
మాది కాకినాడ, ఉప్పుటేరు పక్కనే ఇల్లు. మా తమ్ముడు బీటెక్ సివిల్ ఫైనలియర్. ఉప్పుటేరులో మురుగు ఎలా కదులుతుందో కంప్యూటర్‌లో మోడల్ చేయడం వాడి ప్రాజెక్టు. హెచ్ఈసీ-రాస్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరట. రెండు నెలలు రాత్రుళ్ళు కూర్చున్నాడు. చివరికి తేల్చిందేమిటంటే, వంతెన దగ్గర కలిసే మురుగు మూడు గంటల్లో ఏటిమొగ దాటి సముద్రంలోకి పోతుందట. నీలం గీతలు, ఎర్ర గీతలు, బొమ్మ మాత్రం చాలా బాగుంది.

మా అమ్మ ఆ బొమ్మ చూసి "మరి పొద్దున పోయిన నురగ మధ్యాహ్నానికి మళ్ళీ మన రేవులోకి ఎందుకొస్తోందిరా?" అంది. వాడు నోరు మెదపలేదు. గైడు గారిని అడిగితే "అవుట్‌పుట్ వచ్చిందిగా, రిపోర్టు రాసెయ్" అన్నారట. పది రోజుల్లో వైవా. వాడికి టెన్షన్, నాకు అనుమానం. అసలు ఇలాంటి మోడళ్ళను నమ్మొచ్చా?

పూతరేకు_ప్రియ
ముందు అమ్మగారికి ఎంటెక్ ఇచ్చెయ్యండి.

గాసియన్_గిరి
ఒక్క ప్రశ్న. ఏటి కింది చివర, అంటే సముద్రం వైపు, ఏ షరతు పెట్టాడు? "నార్మల్ డెప్త్" అని పెట్టాడా?

జగన్నాథపురం_జగ్గు
అడిగాను. అదే పెట్టాడట. యూట్యూబ్ పాఠంలో అలాగే చూపించారట.

గాసియన్_గిరి
దొంగ దొరికాడు. నార్మల్ డెప్త్ అంటే, ఇక్కడి నుంచి కిందికి ఏరు ఇదే వాలుతో హాయిగా పారుతూ పోతుంది, అడ్డేమీ లేదు అని కంప్యూటర్‌కి చెప్పడం. కొండ కింద వాగుకైతే సరిపోతుంది. మీ ఏటి చివర ఉన్నది సముద్రం. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. పోటుకీ పోటుకీ మధ్య పన్నెండు గంటల పాతిక నిమిషాలు. పోటు వేళ నీళ్ళు ఊళ్ళోకే వస్తాయి. తమ్ముడి మోడల్‌కి సముద్రం ఉందన్న సంగతే తెలియదు. తెలియనివాణ్ణి అబద్ధాలకోరు అనలేం కదా.

చేయాల్సినవి రెండు. ఒకటి, స్థిర ప్రవాహం తీసేసి, గంట గంటకీ మారే ప్రవాహంతో నడపాలి. రెండు, కింది చివర పోటుపాట్ల మట్టం గంటలవారీగా ఇవ్వాలి. సర్వే ఆఫ్ ఇండియా ఏటా పోటు పట్టికలు వేస్తుంది, వాటిని పట్టుకోమనండి. ఇంకోటి, టైమ్ స్టెప్, అంటే లెక్క ఒక్కో అంగలో దాటే సమయం, ఎంత పెట్టాడు?

జగన్నాథపురం_జగ్గు
అయిదు నిమిషాలు. పది మీటర్లకో గడి.

గాసియన్_గిరి
సెకనుకు అర మీటరు వేగమనుకోండి. అయిదు నిమిషాల్లో నీళ్ళు 150 మీటర్లు పోతాయి. అంటే ఒక్క అంగలో పదిహేను గళ్ళు దూకేశాయి. మధ్య గళ్ళలో ఏం జరిగిందో లెక్కకు తెలియదు. నీళ్ళు ఒక అంగలో ఒక గడి దాటకుండా చూసుకోవాలి. ఒక అంగలో నీళ్ళు దాటే గళ్ళ లెక్కని కూరాంట్ సంఖ్య అంటారు, ఒకటి లోపు ఉండాలి. వైవాలో ఇది తప్పకుండా అడుగుతారు. అలాగని గళ్ళు మరీ పెద్దవి చేసినా ఇబ్బందే, అసలు పరచుకోని మురికిని లెక్కే పరిచేస్తుంది. ఏట్లో చిక్కగా పోయే మురుగు తెర మీద పల్చగా కనిపిస్తుంది.

నమ్మను_99
ఇంత ఎందుకు గిరి గారూ. మోడల్ అంటే డబ్బిచ్చినవాడికి కావలసిన జవాబు రంగుల్లో అచ్చేసివ్వడం. మా ఊరి దగ్గర ఒక ఫ్యాక్టరీకి ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. పొగ ఎంత దూరం పోతుందో బొమ్మ చూపించారు. ఫ్యాక్టరీ చుట్టూ గుడ్డు ఆకారంలో వలయాలు, మా వీధి దగ్గరికొచ్చేసరికి తెల్ల కాగితం. ఇప్పుడు తెల్లారుజామున మా వీధిలో కిటికీ తెరవలేం.

యానాం_యాత్రికుడు
కాకినాడ డెల్టాలోకి వస్తుందా అసలు? ఊరికే అడుగుతున్నా.

కోనసీమ_కొబ్బరి
రాదు. మా కాలవల నీళ్ళు తాగుతూ డెల్టా అంటారు, పన్ను కట్టమంటే పట్నం అంటారు.

మోడరేటర్
ఇది మూడోసారి. ఆ గొడవకి వేరే చర్చ ఉంది, అక్కడికి పదండి.

పోటుపాటు_ఏటిమొగ
మాది బోటు. గిరి గారు చెప్పింది నిజమే గానీ పూర్తి నిజం కాదు. ఏట్లో నీళ్ళన్నీ ఒకేసారి వెనక్కి తిరగవు. పోటు మొదలైన గంటలో చూడండి, పైన చెత్త ఇంకా సముద్రం వైపే పోతుంటుంది, అడుగున వల మాత్రం ఊరి వైపుకు లాగుతుంది. ఉప్పునీరు బరువు, అడుగు నుంచి దూరుకొస్తుంది. పైన పాటు, అడుగున పోటు. మా నాన్న కాలం నుంచీ ఇది చూసుకునే వల వేస్తాం. మీ కంప్యూటర్‌కి ఇది తెలుసా?

గాసియన్_గిరి
తమ్ముడు వాడినదానికి తెలియదు. అది ఏటిని ఒక గీతగా చూస్తుంది. ప్రతి చోటా పైనుంచి అడుగుదాకా కలిపి ఒకటే వేగం, ఒకటే చిక్కదనం. మీరు చెప్పింది రావాలంటే నీటిని పొరలు పొరలుగా కోసే త్రీడీ మోడల్ కావాలి. దానికి లోతు వారీగా ఉప్పదనం కొలతలు ఉండాలి, పది రోజుల్లో వైవా ఉన్న కుర్రాడి వల్ల కాదు. కానీ రిపోర్టులో "నా మోడల్ ఇది చూపలేదు" అని ఒక పేరా రాస్తే మార్కులు పెరుగుతాయే గానీ తగ్గవు.

లాకు_మాస్టారు
నేను ఇరిగేషన్‌లో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. అందరూ సముద్రం వైపు చూస్తున్నారు. ఎగువ నుంచి నీళ్ళెంత వస్తున్నాయని ఇచ్చాడో అడగండి. ఏడాది సగటు ఇచ్చి ఉంటాడు, పిల్లలందరూ చేసేదే. మన ప్రాంతంలో సగటుకు అర్థమే లేదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పోయాయి. అదే బ్యారేజీ గేట్లు మంచి ఎండాకాలంలో మూసే ఉంటాయి, కింద గౌతమి, వసిష్ఠల్లో ఉండేది చాలామటుకు సముద్రపు నీరే. ఈ రెండిటికీ సగటు తీస్తే వచ్చేది ఏ రోజునా పారని నది.

కాలవలదీ అదే వరస. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక కాలవలు కట్టేస్తాం, మరమ్మతులకు. ఆ రోజుల్లో పొలాల నుంచి డ్రెయిన్లలోకి దిగే నీరు ఉండదు. ఊళ్ళ మురుగు మాత్రం ఒక్క రోజు కూడా ఆగదు. మురుగు అంతే, కలిసే మంచినీరు సున్నా. కంపు ఎప్పుడు కొడుతుందో ఆ నెలకు లెక్క కట్టాలి గానీ సంవత్సరానికి కాదు.

ఇంకో మాట. ఏటి అడుగు గరుకుదనానికి పుస్తకంలో చూసి 0.03 వేసుంటాడు. అది శుభ్రమైన కాలవకి. గుర్రపుడెక్క పట్టిన చోట అంతకు మూడు నాలుగు రెట్లు వేసినా తప్పులేదు. ఒకసారి మా సెక్షన్‌లో కుర్ర ఇంజనీరు ఒకాయన డెక్క తీయించకముందు కొలిచిన మట్టాలనీ, తీయించాక కొలిచిన మట్టాలనీ ఒకే పట్టికలో కలిపేశాడు. కాగితం మీద నీళ్ళు పల్లం నుంచి ఎత్తుకి పారాయి. వారం రోజులు నవ్వుకున్నాం.

జగన్నాథపురం_జగ్గు
మాస్టారూ, సరిగ్గా 0.03 వేశాడు. పక్కనే కూర్చుని చదువుతున్నాడు, తల దించుకున్నాడు.

పూతరేకు_ప్రియ
తమ్ముడూ తలెత్తు. మాస్టారి సెక్షన్ ఇంజనీరు కన్నా నువ్వే నయం.

ఏరేటర్_బుజ్జి
భీమవరం దగ్గర రొయ్యల చెరువులు మావి. మురుగు ఎంత దూరం పోయిందన్నది కాదండీ, పోయేటప్పుడు నీళ్ళలో ఆక్సిజన్ ఎంత తినేసిందన్నది ముఖ్యం. మాకు తెల్లారుజామున నాలుగింటికి డీవో మీటరు (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ కొలిచేది) పట్టుకుని చెరువు చుట్టూ తిరగడం రోజూ ఉండే పని. లీటరుకు మూడు మిల్లీగ్రాములు దాటి కిందికి పోతే ఏరేటర్లన్నీ వేసెయ్యాలి, లేదంటే రొయ్య తేలుతుంది. మబ్బు పట్టిన మర్నాడు ఇంకా భయం. నా దగ్గర ఆరేళ్ళ నోటుపుస్తకం ఉంది. మబ్బు, గాలి, మేత, డీవో. సాయంత్రం చూసి రాత్రికి ఎంత పడుతుందో చెప్పగలను. దాన్నీ మోడల్ అనొచ్చా?

గాసియన్_గిరి
అనొచ్చు. నిజానికి నీటి కాలుష్యం మోడళ్ళకు మొదటి మెట్టు అదే. 1925లో స్ట్రీటర్, ఫెల్ప్స్ అనే ఇద్దరు అమెరికాలో ఒహాయో నది మీద చేసింది మీ నోటుపుస్తకం లెక్కే. ఒక పక్క మురికి ఆక్సిజన్‌ని తింటుంటుంది, ఇంకో పక్క పైనున్న గాలి నుంచి ఆక్సిజన్ నీళ్ళలోకి దిగుతుంటుంది. తినేది ఎక్కువైనంత సేపూ ఆక్సిజన్ గీత కిందికి వంగుతుంది, మురికి తగ్గాక మెల్లగా లేస్తుంది. గమ్మత్తేమిటంటే, నీళ్ళు మరీ పాడయ్యేది మురుగు కలిసిన చోట కాదు, అక్కడి నుంచి కొంత దిగువన. ఒక ఊరి మురుగు కింది ఊరి చేపని చంపుతుంది.

మనకు ఇంకో చిక్కుంది. నీళ్ళు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ తక్కువ పడుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు పట్టే నీళ్ళు 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే పడతాయి. వేడికి మురికి తినే వేగమూ పెరుగుతుంది. అందుకే అమెరికా వాళ్ళు బీవోడీని (మురికి ఎంత ఆక్సిజన్ తింటుందో చెప్పే కొలత) 20 డిగ్రీల దగ్గర 5 రోజులు ఉంచి కొలిస్తే, మన పద్ధతిలో 27 డిగ్రీల దగ్గర 3 రోజులు. పాఠ్యపుస్తకంలోని 20 డిగ్రీల అంకెలు తెచ్చి మన ఏట్లో పోసేవాళ్ళు బోలెడుమంది.

ఏరేటర్_బుజ్జి
కింది ఊరి చేప అన్నారు చూడండి, ఆ కింది ఊరు మాదే. మా చెరువులకు నీళ్ళు తోడుకునేదీ ఆ డ్రెయిన్ నుంచే. నిజం చెప్పాలంటే, చెరువు ఎండగట్టినప్పుడు మేం వదిలేదీ అందులోకే.

నమ్మను_99
నిజాయితీకి దండం. ఇంతకీ నా పొగ సంగతి ఎవరూ చెప్పలేదు.

గాసియన్_గిరి
మర్చిపోలేదు. గుడ్డు ఆకారం వలయాలు అన్నారు కదా, అవి గాసియన్ ప్లూమ్ లెక్కవి. గొట్టం నుంచి వచ్చే పొగ గాలివాటున సాగుతూ, పక్కలకీ పైకీ కిందికీ గంట ఆకారంలో పరచుకుంటుందని అనుకుంటుంది. ఎంతగా పరచుకుంటుందో తెలియడానికి గాలి ఎంత కలబోసుకుంటోందో చూడాలి. 1961లో పాస్క్విల్ అనే వాతావరణ శాస్త్రవేత్త దానికి ఏ నుంచి ఎఫ్ దాకా ఆరు తరగతులు పెట్టాడు. ఏ అంటే మండుటెండలో గాలి బాగా మరిగే మధ్యాహ్నం. ఎఫ్ అంటే మబ్బులేని రాత్రి, చలి నేలకు అతుక్కుని గాలి కదలనప్పుడు. మీ కిటికీ తెరవలేని వేళ ఎఫ్ తరగతి. ఇప్పుడు ఎక్కువగా వాడే ఏఈఆర్‌మోడ్ అనే సాఫ్ట్‌వేరు ఈ తరగతులు వదిలేసి నేరుగా గాలి కొలతల నుంచే కడుతుంది, ఊహ మాత్రం అదే.

మీకు చూపిన బొమ్మ ఏడాది సగటుదా, గంట లెక్కదా? అది అడగాల్సింది. ఏడాది సగటులో తెల్లారుజాము కనిపించదు. సముద్రం ఒడ్డున మరో తిప్పలు. పగలు సముద్రం మీంచి వచ్చే చల్లగాలిలో పొగ పల్చటి తాడులా పోతుంటుంది. వేడెక్కిన నేల మీదికి రాగానే కింది గాలి మరిగి పైకి లేస్తుంది, ఆ తాడుని అందుకుని ఒక్కసారిగా కిందికి దింపేస్తుంది. ఒడ్డున ఉన్న ఫ్యాక్టరీ పొగ ఒడ్డున పడదు, లోపలి ఊళ్ళో పడుతుంది. మామూలు గాసియన్ లెక్కలో ఇది రాదు.

గట్టుమీద_గోపి
రాజమండ్రి నుంచి. దాళ్వా కోతలయ్యాక చుట్టుపక్కల గడ్డి తగలబెడతారు. సాయంత్రం కళ్ళు మండుతాయి, ఆరేసిన బట్టల మీద నల్ల నూగు. ఫోన్లో యాప్ చూస్తే లేత పచ్చ రంగు, "సంతృప్తికరం". ఎవరికి సంతృప్తి?

గాసియన్_గిరి
కాగితం తీసుకోండి. రోజులో 22 గంటలు పీఎం 2.5 (గాలిలోని సన్నటి ధూళి) ఘనమీటరుకు 30 మైక్రోగ్రాములు ఉందనుకుందాం. సాయంత్రం 2 గంటలు 300 అయిందనుకుందాం. 24 గంటల సగటు 52.5. మన ప్రమాణం రోజు సగటుకు 60. పాసయ్యారు. యాప్ తప్పు చెప్పలేదు, మీరు అడగని ప్రశ్నకు జవాబు చెప్పింది. పైగా ఊరంతటికీ మీటర్లు ఒకటో రెండో ఉంటాయి, మీ వీధి గాలి అక్కడికి చేరితేగా.

గట్టుమీద_గోపి
అలాగైతే నేనే ఒక చిన్న మీటరు కొనుక్కుంటా. ఆన్‌లైన్‌లో నాలుగైదు వేలకు కనిపిస్తున్నాయి.

గాసియన్_గిరి
కొనండి, కానీ డిసెంబరు మంచులో అది చెప్పేది నమ్మకండి. చవక మీటర్లు కాంతి చెదరడాన్ని బట్టి లెక్కేస్తాయి. చెమ్మ పట్టి ఉబ్బిన కణం దానికి పెద్ద ధూళిలా కనిపిస్తుంది. మన గోదారి గట్టున చెమ్మ ఎక్కువ, అంకె పెరుగుతుంది.

కోనసీమ_కొబ్బరి
పొగ అంటే గుర్తొచ్చింది. 1995 జనవరిలో పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ గ్యాసు బావి అంటుకున్నప్పుడు నేను ఆరో తరగతి. 65 రోజులు మండింది. మా ఊరు దూరమే అయినా రాత్రి ఆ వెలుతురులో చదువుకునేవాణ్ణి. పెద్దవాళ్ళు రోజూ చూసేది ఒక్కటే, గాలి ఎటుందని. చొక్కా విప్పి గట్టు మీద నిలబడితే తెలిసిపోయేది. ఎటు పోతుందో తెలిసేది గానీ ఎంత పోతుందో తెలిసేది కాదు. నమ్మను గారూ, నా ఉద్దేశంలో మోడల్ పని ఆ "ఎంత" దగ్గర మొదలవుతుంది.

నమ్మను_99
సరే, ఒప్పుకుంటున్నా. అయితే ఆ "ఎంత" నిజమో కాదో ఎవరు చూస్తారు? జగ్గు గారి తమ్ముడు ఒక్క రోజైనా ఏటి దగ్గరికెళ్ళి కొలిచాడా?

జగన్నాథపురం_జగ్గు
ఇల్లు ఏటి పక్కనే అయినా వెళ్ళలేదు. సిగ్గుగా ఉందంటున్నాడు. కొలవాలంటే పరికరాలేవీ?

కోనసీమ_కొబ్బరి
పరికరం నేను చెబుతా. బొండాలు. పన్నెండు లేత బొండాలు కొని, రంగుతో అంకెలు వేసి వంతెన మీంచి వదలండి. ఎండుకాయ వద్దు, అది సగం పైకి తేలి గాలికి కొట్టుకుపోతుంది. లేతబొండం నీళ్ళలో బాగా మునిగి ఉంటుంది, నీటితోనే పోతుంది.

పూతరేకు_ప్రియ
కోనసీమలో సాఫ్ట్‌వేరు కూడా చెట్టుకే కాస్తుంది.

గాసియన్_గిరి
నవ్వకండి. కొన్ని దేశాల్లో నారింజపళ్ళు వదిలి వేగం కొలుస్తారు. పాటు మొదలయ్యే వేళ చూసి వదలండి, టైము రాసుకోండి.

పోటుపాటు_ఏటిమొగ
అమావాస్య ఎల్లుండే. పోటు గట్టిగా ఉంటుంది, ఆ రోజే చెయ్యండి. మొగ దగ్గర నేను చూస్తా.

జగన్నాథపురం_జగ్గు
అమావాస్య నాడే చేశాం. రాయడానికి నాలుగు రోజులు పట్టింది, వాడు రాత్రీ పగలూ మోడల్ మళ్ళీ నడుపుతున్నాడు.

పాటు మొదలవగానే వంతెన మీంచి పన్నెండూ వదిలాం. చూసినవాళ్ళు శాంతి పూజ అనుకున్నారు. మొదటి రెండు గంటలు తమ్ముడి మోడల్ చెప్పినట్టే చకచకా పోయాయి, వాడి మొహం వెలిగింది. తర్వాత మెల్లబడ్డాయి. కాసేపు ఉన్నచోటే గుండ్రంగా తిరిగాయి. ఆపైన పోటు అందుకుంది. మధ్యాహ్నానికి అయిదు బొండాలు మా రేవు దాటి ఇంకా ఎగువకు పోయాయి. మా అమ్మ మెట్ల మీద కూర్చుని ఒక్కొక్కటే లెక్కపెట్టింది. మాటన్లేదు, అదే భయంగా ఉంది.

మూడు మొగ దాటాయని బోటు అన్న ఫోను చేశారు. రెండు గుర్రపుడెక్కలో ఇరుక్కున్నాయి (మాస్టారికి నమస్కారం). ఒకటి ఎవరో కుర్రాడు పట్టుకుని కొట్టుకుని తాగేశాడు. ఏడో నంబరు ఏమైందో తెలియదు.

ఇప్పుడు పోటు మట్టాలిచ్చి, గరుకుదనం మార్చి, టైమ్ స్టెప్ పది సెకన్లకు తగ్గించి నడిపాడు. ఒక పోటు, ఒక పాటు తిరిగేసరికి వదిలిన మురుగులో పదింట నాలుగు వంతులు ఏట్లోనే ఉంటోందట. ముందు సున్నా చూపించింది.

లాకు_మాస్టారు
శభాష్. ఎండాకాలానికి ఎగువ నీరు సున్నా చేసి ఇంకోసారి నడపమను. నాలుగు కాస్తా ఆరో ఏడో అవుతుంది చూడు.

నమ్మను_99
బొండాలు పైన తేలేవి, మురుగు నీళ్ళలో కలిసేది. రెండూ ఒకటే ఎలా అవుతాయి?

పోటుపాటు_ఏటిమొగ
అదే నేనూ అనబోతున్నా. అడుగున వచ్చే పోటుని బొండం చూడదు. అడుగు నీరు ఇంకా ముందే ఊళ్ళోకి దూరుంటుంది.

గాసియన్_గిరి
ఇద్దరిదీ సరైన మాటే. బొండాలతో తెలిసింది పై నీటి వేగం, తిరుగుడు వేళ, అంతే. మోడల్‌లో నీళ్ళు తిరిగిన వేళకీ బొండాలు తిరిగిన వేళకీ తేడా ఎంతొచ్చింది?

జగన్నాథపురం_జగ్గు
నలభై నిమిషాలు. మోడల్‌లో ముందే తిరిగింది.

గాసియన్_గిరి
అంత దాచకుండా రాయమనండి. దిద్దేసి సరిపోయిందని రాస్తే పరీక్షకుడు అనుమానిస్తాడు.

ఏరేటర్_బుజ్జి
మా డ్రెయిన్‌కి కూడా ఒకటి చేసిపెడతాడేమో అడగండి. బొండాలు నేనే తెస్తా, రొయ్యలు కూడా.

యానాం_యాత్రికుడు
ఇన్నాళ్ళూ జోకులే వేశాను, ఒక పనికొచ్చే మాట. కోరంగి వైపు మడ అడవుల్లో మా బావమరిది వలకి ఒక బొండం తగిలిందట. మీద తెల్ల రంగుతో 7 అని ఉంది. క్షుద్రపూజ అనుకుని ఒడ్డున పెట్టి దణ్ణం పెట్టాడు.

జగన్నాథపురం_జగ్గు
ఏ రోజు? ఏ వేళ?

యానాం_యాత్రికుడు
నిన్న పొద్దున, పోటు మీద. ఉంచమంటారా, తాగెయ్యమంటారా?

జగన్నాథపురం_జగ్గు
ఉంచండి, ఉంచండి. తమ్ముడు బండి తీస్తున్నాడు.